దేవునికి చెప్పిన పేరు

మొన్న ఆదివారం కర్మన్‌ఘాట్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో మా తమ్ముడి మనవరాలిని తొట్టెలలో వేశారు. చలి పుట్టించే ఏసీ, పూలు చుట్టిన తొట్టెల, దాని వెనక గోడ మీద మెరిసే అక్షరాలతో పిల్ల పేరు. నాకు ఇంగ్లీషు కూడబలుక్కుంటే తప్ప రాదు. కళ్లద్దాలు సవరించుకుని రెండుసార్లు చదివాను. అర్జున్ అని ఉంది. పక్క హాలు వాళ్ల బోర్డు మనకు పెట్టారేమోనని పిల్ల తల్లిని, అంటే మా మేనకోడలిని, పిలిచి చెప్పాను.

"బోర్డు కరెక్టే అత్తా. ఇప్పుడు పేర్లల్ల ఆడ, మగ అని ఎవలు చూస్తలేరు. మాకు నచ్చింది, పెట్టుకున్నం" అన్నది.

నాకు నవ్వాగలేదు. ఎందుకు నవ్వానో ఆ పిల్లకు తెలియదు. పక్క కుర్చీలో ఉన్న మా మేనత్తకు తెలుసు. ఆమె మా నాయిన చెల్లెలు. డెబ్బై దాటింది, మోకాళ్లు పోయాయి గానీ నోరు మాత్రం నిక్షేపంగా ఉంది. ఆమె కూడా నవ్వి, నోట్లో లడ్డూ ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చుకుని, నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"నీకు గా మగపేరు మల్ల పెట్టిన నాడు మీ అమ్మ అడ్డం పడకపోతే, ఇయ్యాల నువ్వు గీ కుర్చీల కూసునేదానివి కాదు పిల్లా" అన్నది.

ఏమిటత్తా అని అడిగాను. చెప్పింది. చుట్టూ డీజే పాటలు, ఫోటోలు తీసేవాళ్ల గోల, భోజనాలకు రండని పిలుపులు. వాటి మధ్య పది నిమిషాల్లో చెప్పేసి, పెరుగన్నం ఎక్కడ పెడుతున్నారో కనుక్కోమన్నది. నాలుగు రోజులైంది. తింటున్నాను, బీపీ గోలీలు వేసుకుంటున్నాను, ఫోన్లు వస్తే మాట్లాడుతున్నాను గానీ ఒళ్లు నా స్వాధీనంలో లేదు. యాభై ఏళ్లకు పైగా నేను ఒక మనిషిని నెత్తిన పెట్టుకుని, ఇంకొక మనిషి మీద కక్ష పెట్టుకుని బతికాను. ఆ రెండూ తలకిందులని తెలిసింది. ఎట్లా తలకిందులో తెలియాలంటే ముందు నా పేరు సంగతి చెప్పాలి.

నాకు ఎనిమిదేళ్లు వచ్చేదాకా నా పేరు యాదగిరి.

అమ్మకు నాకన్నా ముందు ఇద్దరు పుట్టి దక్కలేదు. మూడోసారి నీళ్లోసుకున్నప్పుడు మా నాయినమ్మ యాదగిరిగుట్టకు పోయి, మెట్ల మీద కూర్చుని, కొడుకును ఇస్తే నీ పేరే పెట్టుకుంటామని స్వామికి మొక్కింది. పుట్టింది నేను. ఆడపిల్లకు ఆ పేరేమిటని అందరూ అన్నారట. నాయినమ్మ ఒప్పుకోలేదు. దేవునికి చెప్పిన పేరు వాపస్ తీసుకోరాదు, పైగా ఈ పేరు దీని మీద ఉంటే వెనక వచ్చేటోడు పేరు వెతుక్కుంటూ వస్తడు అన్నది. ఆమె మాటకు మా ఇంట్లో ఎదురు లేదు. నేను బతికాను కాబట్టి ఆ పేరు మంచిదేనని ఊరు కూడా ఒప్పుకుంది.

ఊరంటే నల్గొండ దగ్గర మా సొంతూరు. నాకు ఊహ తెలిసేసరికే మేము ఇక్కడికి, పట్నం అంచుకు వచ్చేశాం. మన్సూరాబాద్ వైపు అప్పుడు అపార్ట్‌మెంట్లు లేవు, కాలనీలు లేవు, అంగూర్ తోటలు ఉండేవి. కర్రలు పాతి, తీగలు కట్టి, వాటి మీద పందిరి అల్లిన తోటలు. ఒక తోటలో మా నాయిన నీళ్లు కట్టేవాడు, కాపలా కాసేవాడు. తోట మధ్య రెండు రేకుల గదులు, పక్కన పశువుల కొట్టం, మోట బావి. ఇప్పుడు ఆ చోట ఐదంతస్తుల బిల్డింగు, కింద టిఫిన్ సెంటర్. ఆటోలో అటు పోయినప్పుడల్లా బావి ఎక్కడ ఉండేదో గుర్తు పట్టాలని చూస్తాను. ఇంతవరకు చాతకాలేదు.

మైలుతుత్తం, సున్నం కలిపి తీగలకు మందు కొట్టిన రోజున ఆకులన్నీ నీలం పూసుకునేవి. ఆ వాసన ముక్కుకు పట్టి అన్నం కూడా అదే వాసన కొట్టేది. కాయ పండి రాలే కాలంలో పందిరి కింద పులిసిన కల్లు వాసన. పిట్టలను తోలడానికి పగిలిన డబ్బా కొట్టడం నా పని. నా డబ్బాకు పిట్టలు ఎన్ని లేచాయో తెలియదు గానీ, దాని చప్పుడు మాటున నేను తిన్న అంగూర్లకు లెక్క లేదు. పైకి గుత్తి తరిగినట్టు తెలియకుండా, లోపలి వైపు నుంచి ఒక్కొక్కటే తెంపేదాన్ని. తోట యజమాని వచ్చి గుత్తి పట్టుకుని చూస్తే ముందు వైపు నిండుగా ఉండేది.

నిక్కరు, చొక్కా, నున్నగా కత్తిరించిన జుట్టు. బావిలో మగపిల్లలతో ఈత. సాయంత్రం నాయినతో పాటు మొదటి పంక్తిలో అన్నం. ఇంట్లో కోడి కోస్తే కార్జం నాకే. అమ్మ చీపురు అందిస్తే నాయినమ్మ లాక్కుని, మగపిలగానికి చీపురెందుకే అనేది. నేను చొక్కా కాలర్ ఎగేసుకుని బయటికి పోయేదాన్ని. ఆమె సర్వపిండి చేస్తే గిన్నె అడుగున మాడిన గట్టి చెక్క నా కోసమే గీకి పెట్టేది. ఆమె ఒడిలో పొగాకు వాసన, వాము వాసన కలిసి ఉండేవి. నాకు ఆమె అంటే ప్రాణం.

బడిలో కొత్తగా వచ్చిన టీచరమ్మది గుంటూరు వైపు. హాజరు పిలుస్తూ నా దగ్గర ఆగి, "నువ్వు అబ్బాయివా, అమ్మాయివా?" అని అడిగింది. "నేను యాదగిరిని టీచర్" అన్నాను. పిల్లలంతా నవ్వారు. నాకు అందులో నవ్వేదేమీ కనిపించలేదు. ఆవిడ సరేలే అని నన్ను మగపిల్లల బల్ల మీదే కూర్చోబెట్టింది.

ఒక్క అమ్మ మాత్రం నన్ను ఏ రోజూ ఆ పేరుతో పిలవలేదు. ఎప్పుడూ "బిడ్డా" అనేది. అందరూ యాదగిరీ అని గొప్పగా పిలుస్తుంటే ఈమెకు నోరు రాదేమిటని నాకు లోపల గుర్రుగా ఉండేది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు తమ్ముడు పుట్టాడు. నాయినమ్మ అన్నట్టే పేరు వెతుక్కుంటూ వచ్చాడు. ఇరవై ఒకటో రోజున చీర తొట్టెల కట్టి, వాణ్ని అందులో వేసి, నాయినమ్మ వాడి చెవిలో మూడుసార్లు యాదగిరి అన్నది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. నన్నే పిలుస్తున్నదనుకుని ఓ అన్నాను. అందరూ నవ్వారు. మరి నా పేరో అని అడిగితే, "నీకేంది, ఇంకోటి పెడ్తం తియ్" అన్నది.

ఎవరూ పెట్టలేదు. పనుల్లో పడి మరిచిపోయారు. నిజంగానే మరిచిపోయారు, అది తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యం. ఒక ఏడాది నేను ఇంట్లో పేరు లేకుండా తిరిగాను. ఓ పిల్లా, ఏ పోరీ, ఇగో ఇట్రా. బడి రిజిస్టర్‌లో మాత్రం యాదగిరిని. ఆదివారం వస్తే నన్ను నా పేరుతో పిలిచేవాళ్లు లేరని సోమవారం కోసం ఎదురు చూసేదాన్ని. నిక్కరు పోయి గౌను వచ్చింది. చీపురు వచ్చింది. కార్జం తమ్ముడికి పళ్లు రాకముందే వాడిదైపోయింది. తొట్టెల దగ్గర ఎవరూ లేనప్పుడు వాడి తొడ మీద గిల్లేదాన్ని. వాడు కెవ్వుమంటే నేనే పరుగెత్తుకుని పోయి అయ్యో ఏమైంది అని ఎత్తుకునేదాన్ని. చీమ కుట్టిందని నాయినమ్మ తొట్టెల కింద పసుపు చల్లేది.

ఏడాది నిండుతుండగా వాడికి జ్వరం పట్టుకుంది. పది రోజులైనా దిగలేదు. నాయిన, అమ్మ వాణ్ని దవాఖానకు తీసుకుపోయి, మందులతో తిరిగొచ్చారు. మూడు రోజులు గడిస్తే గానీ ఏమీ చెప్పలేమన్నారట. వాడు ఏడవడం కూడా మానేశాడు. అమ్మ పాలు పిండి చెంచాతో పోస్తే పెదవి పక్క నుంచి కారిపోయేవి. గిల్లినందుకే ఇట్లా అయిందేమోనని నేను తోటలో దాక్కున్నాను.

మర్నాడు పొద్దున నాయిన ఇంకో మందు కోసం దిల్‌సుఖ్‌నగర్ పోయాడు. అమ్మ బావి దగ్గరికి పోయింది. నాయినమ్మ తమ్ముణ్ని చాటలో పడుకోబెట్టి, కొట్టం వెనక పెంటకుప్ప మీద పెట్టింది. అప్పటికి పెళ్లి కాని మా మేనత్త అటు నుంచి వచ్చినట్టు వచ్చి, అయ్యో ఎవరి పిల్లగాడో పెంట మీద దొరికిండు అని ఎత్తుకుని, వెనక తలుపు నుంచి ఇంట్లోకి తెచ్చింది. పేరేమిటని నాయినమ్మ అడిగింది. పెంటయ్య అని మేనత్త చెప్పింది. దక్కని పిల్లలకు అట్లా చేసేవాళ్లు. పనికిరాని పిల్లాడనుకుని మృత్యువు పట్టించుకోదని. మా ఊళ్లో ఆ పేరు వాళ్లు ఇంటికొకరు ఉండేవాళ్లు, అందుకని నాకు వింత అనిపించలేదు.

ఆ తర్వాత నాయినమ్మ నన్ను పిలిచింది. వేడి నీళ్లు పోసింది. సాంబ్రాణి పొగ వేసింది. కాస్త పెరిగిన నా జుట్టును కత్తెరతో మళ్లీ కురచ చేసింది. పెట్టెలోంచి నా నిక్కరు, చొక్కా తీసింది. తమ్ముడి నడుముకున్న నల్ల మొలతాడు మేనత్త విప్పి నా నడుముకు కట్టింది. నాలుక మీద బెల్లం పెట్టి, చెవిలో మూడుసార్లు యాదగిరి అన్నారు.

"ఇయ్యాల్టి సంది నువ్వే యాదగిరివి. గీ కడప మీద కూసో. బయటి నుంచి ఎవలు పిల్చినా ఓ అను. ఒక్కసారి పిల్చినా సరే, పల్కు" అన్నది నాయినమ్మ.

నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. నా పేరు నాకొచ్చింది. నాయినమ్మ నన్ను మరిచిపోలేదు. నేను గడపకు అడ్డంగా పీట వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. ఎవరైనా పిలిస్తే బాగుండునని దారి వైపే చూస్తున్నాను. లోపల తమ్ముడు ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉన్నాడు. నేను వాడి గురించి ఆలోచించనే లేదు. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది గానీ నిజం.

కంచె అవతల నుంచి పండ్ల బండి ఆయన పిలిచాడు. "యాదగిరీ, మీ నాయిన ఉన్నడా?" ఆయన ఎప్పుడో కాయల కాలంలో తప్ప రాడు, నన్నింకా పాత పేరుతోనే పిలిచాడు. నేను గొంతెత్తి ఓ అన్నాను.

అప్పుడే నీళ్ల బిందెతో వస్తున్న అమ్మ నన్ను చూసింది. నిక్కరు చూసింది, జుట్టు చూసింది, మొలతాడు చూసింది. బిందె కింద పెట్టిందో పడేసిందో తెలియదు, నీళ్లు నా కాళ్ల దాకా వచ్చాయి. వచ్చి నా చెంప మీద కొట్టింది. ఆమె నన్ను అంతకు ముందు కొట్టలేదు, ఆ తర్వాతా కొట్టలేదు. "పలుకకు. నీ పేరు గది కాదు" అన్నది. మొలతాడు పుటుక్కున తెంపి తోటలోకి విసిరేసింది. గౌను తొడిగి, నా చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చుకుపోయింది. వెనక నుంచి నాయినమ్మ ఏదో అరిచింది. నా ఏడుపులో నాకు వినపడలేదు.

రోడ్డు దాకా నడిపించింది. ఇప్పుడు ఫ్లైఓవర్లున్న ఎల్బీ నగర్ చౌరస్తా అప్పుడు నాలుగు చాయ్ దుకాణాలు. అక్కడ బస్సెక్కించి దిల్‌సుఖ్‌నగర్‌లో దింపింది. ఒక సందులో నగలు చేసే అవుసులాయన దగ్గర కూర్చోబెట్టి, దీనికి చెవులు కుట్టమన్నది. నేను కాళ్లు తన్నుకున్నాను. ఆమె నా తల తన పొట్టకు అదిమి పట్టుకుంది. రాగి తీగ చెవిలోంచి దిగుతుంటే ప్రాణం పోయినట్టయింది. "పిల్ల పేరేందమ్మా?" అని అడిగాడాయన. అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా ఒక ఆడపేరు చెప్పింది. ఈ రోజు నా ఆధార్ కార్డు మీద ఉన్నది ఆ పేరే.

గాజులు తొడిగించింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నామెకు, చాయ్ దుకాణం ఆయనకు, గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయనకు, ఎవరూ అడగకుండానే చెప్పింది. ఇది నా బిడ్డ, ఆడపిల్ల, దీని పేరు ఇది. మాట్లాడే అలవాటే లేని మనిషి దారి పొడుగునా గట్టిగా చెప్పుకుంటూ వచ్చింది. నా చెవుల నుంచి నెత్తురు కారి గౌను భుజాల మీద మరకలయ్యాయి. నన్ను ఊరందరి ముందు నవ్వులపాలు చేస్తున్నదని, కొడుకు కోసం నా పేరు లాక్కుని పోగుల గుర్తు పెట్టిందని నేను అనుకున్నాను.

తమ్ముడు మూడో రోజుకు కళ్లు తెరిచాడు. వారానికి పాలు తాగాడు. దవాఖాన మందులు పని చేశాయి. వాణ్ని మళ్లీ యాదగిరి అన్నారు, నేటికీ వాడు యాదగిరే.

నేను అమ్మతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడడం మొదలుపెట్టాక కూడా మనసు విప్పలేదు. నాయినమ్మ పోయినప్పుడు మా ఇంట్లో అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేను. నా పెళ్లికి, నా కాన్పులకు అమ్మ వచ్చి చెయ్యవలసినవన్నీ చేసింది, నేను చేయించుకున్నాను, అంతే. ఆమె చివరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, పక్కన కూర్చుని ఉండబట్టలేక అడిగేశాను. ఆ రోజు నన్నెందుకు కొట్టావు, ఒక్క పేరు నాకుంటే నీకేమి పోయింది అని.

అమ్మ నా మొహంలోకి చూసింది. "యాదికి లేదు బిడ్డా" అన్నది.

నాకు ఒళ్లు మండింది. నా బతుకులో ఇంత పెద్ద సంగతి ఆమెకు యాదికి కూడా లేదు. లేచి వంటింట్లోకి పోయాను. నెల తిరక్కుండా ఆమె పోయింది. నాకు పెద్దగా ఏడుపు రాలేదు.

మేనత్త మొన్న చెప్పింది ఇది. తమ్ముడి కోసం మృత్యువు వస్తే, యాదగిరి ఎవరని అడుగుతుంది. లోపల ఉన్నవాడు పెంటయ్య. గడప మీద యాదగిరి కూర్చుని ఉంది, మగపిల్లాడి దుస్తులు, వాడి మొలతాడు, వాడి పేరు. ఒక్క పిలుపుకే ఓ అంటుంది.

మామూలుగా మా ఇళ్లల్లో పిల్లలకు నేర్పేది ఏమిటో ఇది చదివే పెద్దవాళ్లకు తెలుసు. బయటి నుంచి ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే మొదటి పిలుపుకు పలకకూడదు. మూడుసార్లు పిలిస్తేనే మనిషని నమ్మాలి. నాకు ఆ మాట నేర్పింది కూడా నాయినమ్మే. ఆ ఒక్క రోజు మాత్రం ఒక్కసారికే పలకమన్నది. నేను అది గమనించలేదు, బెల్లం తియ్యగా ఉంది.

"మా అమ్మకు నువ్వంటే ఇష్టం లేదని కాదు పిల్లా. ఇద్దర్ల ఒక్కలు పోవుడు ఖాయమనుకున్నది. ఆడపిల్ల పోతే మల్ల పుడ్తది అన్నది. నేనప్పుడు చిన్నదాన్ని, కట్టమన్నది, కట్టిన" అన్నది మేనత్త. తప్పు చేశానన్నట్టు చెప్పలేదు. కూరలో ఉప్పెక్కువైందని చెప్పినట్టు చెప్పింది.

నాకెందుకు చెప్పలేదు ఇన్నేళ్లూ అని అడిగాను. మీ అమ్మ ఒట్టు పెట్టించుకున్నదని చెప్పింది. దానికి నాయినమ్మంటే పాణం, ఈ సంగతి తెలిస్తే అది చిన్నబోతది, నన్ను తిట్టుకుంటే తిట్టుకోనీ అన్నదట.

మేనత్త పెరుగన్నం కలుపుకుంటూ ఇంకొక మాట కూడా చెప్పింది. అమ్మ నన్ను ఈడ్చుకుపోతుంటే నాయినమ్మ వెనక నుంచి అరిచిన మాట. నువ్వు దీన్ని కడప మీది నుంచి తీస్కపోతే వాడు దక్కడు, నీ చేతులతోని నువ్వే వాణ్ని చంపుకుంటున్నవ్ అన్నదట. అమ్మ ఒక్కసారి ఆగి, "ఇద్దరు నా కడుపుల పుట్టినోళ్లే" అని, మళ్లీ నా చెయ్యి పట్టుకుని కదిలిందట.

మృత్యువు గడప దగ్గరికొచ్చి పేర్లు అడుగుతుందని నేను నమ్మను. అది జ్వరం, మందుకు తగ్గింది. కానీ అమ్మ నమ్మింది. బడి మొహం చూడని మనిషి, నాయినమ్మ ఎంత నమ్మిందో ఆమె కూడా అంతే నమ్మింది. నన్ను తప్పిస్తే వాడి మీదికి వస్తుందని నమ్మి కూడా నన్ను తప్పించింది. తిరిగి ఇంటికి పోయేసరికి కొడుకు ఉండడనుకుంటూనే బస్సెక్కింది. ఉండడనుకుంటూనే అవుసులాయన ముందు నా తల పొట్టకు అదుముకుంది. ఉండడనుకుంటూనే కనబడ్డ ప్రతి మనిషికీ నా పేరు చెప్పుకుంటూ నడిచింది.

నేను ఆ దారంతా, నా చెయ్యి వదులు, నువ్వు నాకు అమ్మవు కావు అని అరుస్తూనే ఉన్నాను. ఆమె వదల్లేదు.